హైడ్రాలిక్ ఫిల్టర్ మాటిమాటికీ మూసుకుపోతోందా? కొత్తది వేసే ముందు పాతది కోసి చూడండి

ఫిల్టర్ లైటు ఎర్రగా వెలిగింది, ఎలిమెంట్ (ఫిల్టర్ లోపల మురికిని పట్టే, మార్చే భాగం) మార్చారు, పది రోజులకే మళ్లీ వెలిగింది, ఇంకోటి తెచ్చి వేశారు, అదీ అంతే. ఇలా మూడోసారి జరిగిందంటే ఇక ఎలిమెంట్‌ని తిట్టుకుని లాభం లేదు, అది తన పని తాను చేస్తోంది. ఎక్కడి నుంచో చెత్త వచ్చి పడుతోంది, అదెక్కడో మనం పట్టుకోవాలి. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన జబ్బు ఇంకోటి ఉంది, ఏడాది గడిచినా లైటు ఒక్కసారి కూడా వెలగకపోవడం. చాలామంది దాన్ని మంచి లక్షణం అనుకుంటారు, నా దృష్టిలో మొదటి దానికంటే ఇదే ఎక్కువ ప్రమాదం. రెండింటినీ ఎలా తేల్చుకోవాలో, నేను ఏ వరుసలో చూస్తానో అదే వరుసలో చెబుతాను.

చేయి పెట్టే ముందు

పైకి లేచి ఉన్న లోడ్ ఏదైనా సరే ముందు కిందికి దించండి. మోటారు లేదా ఇంజిన్ ఆపండి, మీరు పని చేస్తుండగా ఇంకెవరూ ఆన్ చేయకుండా తాళం వేసి ట్యాగ్ తగిలించండి. సిస్టమ్‌లో అక్యుములేటర్ (ప్రెషర్‌తో ఆయిల్‌ని నిల్వ ఉంచే డబ్బా) ఉంటే దాన్ని ఖాళీ చేయండి. మోటారు ఆగినా అందులో ప్రెషర్ అలాగే ఉంటుంది, ఈ ఒక్కటి మర్చిపోయి దెబ్బ తిన్నవాళ్లు చాలామంది. గేజ్ సున్నా చూపిస్తోందా లేదా చూసుకున్నాకే స్పానర్ తీయండి.

ఇంకో మాట. సన్నని లీకును చేత్తో తడిమి వెతకొద్దు, అట్టముక్క పెట్టి చూడండి. సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు, కానీ లోపల కండ చచ్చిపోతూ ఉంటుంది. అలా జరిగితే రేపు చూద్దాంలే అనుకోకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లి "హై ప్రెషర్ ఆయిల్ లోపలికి వెళ్లింది" అని ఆ మాటల్లోనే డాక్టర్‌కి చెప్పాలి. గంటలు గడిచేకొద్దీ వేలు, చెయ్యి దక్కే అవకాశం తగ్గిపోతుంది.

మొదట, ఏ ఫిల్టర్?

"ఫిల్టర్ పోయింది" అంటే సరిపోదు. ట్యాంకు లోపల పంపు పీల్చే చోట జాలీలాంటి సక్షన్ స్ట్రైనర్ ఉంటుంది. పంపు తర్వాత ప్రెషర్ ఫిల్టర్, ఆయిల్ ట్యాంకుకి తిరిగొచ్చే దారిలో రిటర్న్ ఫిల్టర్, ట్యాంకు మూత మీద గాలి కోసం బ్రీదర్ ఉంటాయి. కొన్ని మెషిన్లలో పంపు కేస్ డ్రెయిన్ లైనుకీ (పంపు లోపల కారిన ఆయిల్ ట్యాంకుకి తిరిగిపోయే పైపుకి) ఒక ఫిల్టర్ ఉంటుంది. అన్నీ అన్నిటిలో ఉండవు కాబట్టి సర్క్యూట్ డ్రాయింగ్ దగ్గర పెట్టుకుని మీ మెషిన్‌లో ఏమున్నాయో గుర్తుపట్టండి. ఎక్కువగా లైటు వెలిగేది రిటర్న్ ఫిల్టర్‌కి, కాబట్టి ముందు దాని గురించే చెబుతాను.

లైటు వెలిగితే నమ్మొచ్చా?

ఇండికేటర్‌కి మురికి అంటే ఏమిటో తెలియదు. ఎలిమెంట్‌కి ముందు ప్రెషర్ ఎంత, తర్వాత ఎంత, ఆ తేడా ఎంత అన్నదే దానికి తెలుసు. కొన్ని రిటర్న్ ఫిల్టర్లలో అయితే ముందువైపు ప్రెషర్ ఒక్కటే చూస్తుంది. ఆ తేడా మురికి వల్లే పెరగాలని లేదు.

ఆయిల్ చల్లగా ఉంటే కూడా పెరుగుతుంది. వీజీ 46 ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల దగ్గర 46 సెంటీస్టోక్స్, అదే మామూలు మినరల్ ఆయిల్ సున్నా డిగ్రీల దగ్గర పది రెట్లకు పైగా చిక్కబడుతుంది. చల్లటి ఉదయం స్టార్ట్ చేయగానే లైటు వెలిగి, కాసేపటికి ఆయిల్ వేడెక్కాక ఆరిపోతే ఎలిమెంట్ ఇంకా బాగానే ఉన్నట్టు. ఆయిల్ 40 డిగ్రీలు దాటి మామూలు పని వేడికి వచ్చాక కూడా వెలుగుతోందా అన్నదే చూడండి.

రెండోది చాలామంది గమనించరు. లైటు సరిగ్గా ఎప్పుడు వెలుగుతోంది? సిలిండర్ లోపలికి వచ్చేటప్పుడు మాత్రమే అయితే అది ఫ్లో సమస్య కావచ్చు. 100 మి.మీ. బోర్, 70 మి.మీ. రాడ్ ఉన్న సిలిండర్‌ని తీసుకోండి. రాడ్ వైపు పంపు నిమిషానికి 60 లీటర్లు పంపిస్తే, రెండో వైపు నుంచి దాదాపు 118 లీటర్లు బయటికి వస్తుంది, ఎందుకంటే అటువైపు వైశాల్యం దాదాపు రెట్టింపు. పంపు 60 లీటర్లదే కదా అని అంతకే సరిపడే రిటర్న్ ఫిల్టర్ పెట్టి ఉంటే, సిలిండర్ వెనక్కి వచ్చిన ప్రతిసారీ అది ఉక్కిరిబిక్కిరవుతుంది, బైపాస్ (ఎలిమెంట్‌ని తప్పించి ఆయిల్‌ని పంపే వాల్వ్) తెరుచుకుంటుంది, అంతవరకు పట్టిన మురికిలో కొంత కూడా కదిలి ట్యాంకులోకి పోవచ్చు. ఎన్ని ఎలిమెంట్లు మార్చినా దీనికి మందు కాదు. పెద్ద ఫిల్టర్ హౌసింగ్ వేయాల్సిందే.

మూడోది, స్విచ్ చెడిపోవడం. వైరు విప్పి, మల్టీమీటర్‌తో స్విచ్ కాంటాక్ట్ చూడండి. ఇంకా అనుమానం ఉంటే ఫిల్టర్‌కి ముందు ఒక గేజ్, తర్వాత ఒక గేజ్ పెట్టి తేడా మీరే కొలవండి. రిటర్న్ ఫిల్టర్లలో బైపాస్ తెరుచుకునే ప్రెషర్ సాధారణంగా 1.5 నుంచి 3 బార్ మధ్య ఉంటుంది, ఇండికేటర్ దానికంటే కొంచెం ముందే వెలగాలి. మీ ఫిల్టర్ లెక్క హౌసింగ్ మీద గానీ మాన్యువల్‌లో గానీ ఉంటుంది.

లైటు అసలు వెలగకపోతే

నేను పని చేసిన చోట ఒక ప్రెస్ ఉండేది. పద్నాలుగు నెలలు రిటర్న్ ఫిల్టర్ సూది పచ్చలోనే ఉంది. ఆయిల్ శుభ్రంగా ఉందని అందరం సంతోషపడ్డాం. తర్వాత పంపు పోయింది, అప్పుడు ఫిల్టర్ మూత తీస్తే ఎలిమెంట్ కింద ఉండాల్సిన ఓ రింగ్ (గుండ్రటి రబ్బరు సీలు) లేదు. అంతకుముందు మార్చినప్పుడు పాత ఎలిమెంట్‌తో పాటే అది బయటికి వచ్చేసింది, ఎవరం గమనించలేదు. ఆయిల్ ఎలిమెంట్ గుండా పోకుండా పక్క సందులోంచి దర్జాగా వెళ్లిపోతోంది. ఎలిమెంట్ కొత్తదానిలా తెల్లగా ఉంది. ఆ తెల్లటి ఎలిమెంట్ ఇప్పటికీ నా కళ్ల ముందు కనిపిస్తుంది.

కాబట్టి చాలా గంటలు నడిచిన ఎలిమెంట్ శుభ్రంగా బయటికి వస్తే సంతోషించకండి, కారణం వెతకండి. ఓ రింగ్ లేకపోవడం, బైపాస్ వాల్వ్‌లో చెత్త ఇరుక్కుని తెరుచుకునే ఉండిపోవడం, బైపాస్ స్ప్రింగ్ విరిగిపోవడం, ఎలిమెంట్ పొడవు తక్కువై సీటు మీద కూర్చోకపోవడం, ఎలిమెంట్ లోపల చిరిగిపోవడం, ఇవన్నీ చూడాల్సినవే. ఎవరో ఎలిమెంట్ లేకుండానే మూత బిగించిన సందర్భాలు కూడా ఉంటాయి.

మూత తీయకుండా పట్టుకునే ఉపాయం ఒకటుంది. సూది ఉన్న ఇండికేటర్ అయితే, రాత్రంతా ఆగి ఉన్న మెషిన్‌ని ఉదయం స్టార్ట్ చేసి సూది చూడండి. ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు సూది కాస్తయినా కదలాలి. చలికాలంలో కూడా అది అంగుళం కదలట్లేదంటే ఇండికేటర్ అయినా చచ్చిపోయి ఉండాలి, లేదా ఆయిల్ ఇంకో దారిలో పోతూ ఉండాలి.

పాత ఎలిమెంట్‌ని కోయండి

నన్ను అడిగితే మొత్తం పనిలో ఇదే ముఖ్యం, అందరూ వదిలేసేదీ ఇదే. పాత ఎలిమెంట్ చెత్తబుట్టలోకి పోతే సాక్ష్యం పోయినట్టే.

తీసేటప్పుడు దాన్ని తలకిందులు చేయకండి, పట్టిన చెత్త రాలిపోతుంది. హౌసింగ్ అడుగున మిగిలిన ఆయిల్‌ని శుభ్రమైన గిన్నెలో పట్టండి, బరువైన ముక్కలన్నీ అక్కడే కూర్చుంటాయి. ఎలిమెంట్‌ని ఆయిల్ కారేదాకా పెట్టి, తర్వాత పదునైన కత్తితో పై నుంచి కింది వరకు కోసి మడతలు బయటికి తీయండి. స్పిన్ ఆన్ డబ్బా (మొత్తంగా తిప్పి బిగించే రకం) అయితే దానికి ప్రత్యేకంగా కట్టర్ దొరుకుతుంది, హాక్సా బ్లేడ్ మాత్రం వాడొద్దు, అది రాల్చే ఇనుప పొడిని చూసి పంపు అరిగిపోయిందని భయపడతారు. మడతల్ని తెల్లటి గుడ్డ మీద పరిచి, మంచి వెలుతురులో, భూతద్దం పెట్టుకుని చూడండి. ఒక అయస్కాంతాన్ని పాలిథీన్ కవర్‌లో పెట్టి పైన తిప్పండి, కవర్ ఉంటే అంటుకున్న పొడిని తర్వాత సులువుగా వేరు చేయొచ్చు.

అయస్కాంతానికి అంటుకునేది ఇనుము, ఉక్కు. సన్నటి బూడిదరంగు పొడి కొంచెం ఉంటే మామూలు అరుగుదలే. మెరిసే పొరల్లాంటి ముక్కలు, గోటికి తగిలేంత పెద్దవి కనిపిస్తే బేరింగ్ గానీ గేరు గానీ తిరిగే భాగం ఏదైనా గానీ పెచ్చులూడుతోందని అర్థం, మెషిన్‌ని ఇక నడపకండి. అయస్కాంతానికి అంటుకోని పసుపు రంగు మెరుపు కంచు లేదా ఇత్తడి. పిస్టన్ పంపు ఉన్న సిస్టమ్‌లో అది పిస్టన్ షూల నుంచో, వాల్వ్ ప్లేటుకి ఆనుకుని తిరిగే భాగం నుంచో, బుష్‌ల నుంచో వస్తుంది. ఇది ఎక్కువగా కనిపిస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది, ఎందుకంటే పిస్టన్ పంపు ఒకసారి మొదలుపెట్టిందంటే మొత్తం సిస్టమ్‌ నిండా ముక్కలు చల్లిగానీ ఆగదు. తెల్లటి మెత్తటి లోహం అల్యూమినియం కావచ్చు, గేర్ పంపుల బాడీ చాలావరకు దానితోనే చేస్తారు.

నల్లటి రబ్బరు తునకలు సీళ్ల నుంచి గానీ, లోపలి పొర ఊడుతున్న హోస్ పైపు నుంచి గానీ వస్తాయి. తెల్లటి దారపు పోగులు కనిపిస్తే ఎవరో థ్రెడ్‌లకి టెఫ్లాన్ టేపు చుట్టారు, హైడ్రాలిక్ లైన్లలో దాన్ని వాడకపోవడమే మంచిది. రంగు పెచ్చులు ట్యాంకు లోపలి పెయింట్‌వి. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడేది ఇసుక, దుమ్ము, అది బయటి నుంచి వచ్చింది. ముక్కలేమీ లేకుండా మడతలన్నీ జిగటగా గోధుమరంగు పూత పూసినట్టు ఉంటే అది వార్నిష్, ఆయిల్ వేడికి పాడైపోతోంది.

ఒక్కటి గుర్తుంచుకోండి. మామూలు కంటికి సుమారు 40 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) కంటే చిన్న రేణువు కనిపించదు. సర్వో వాల్వ్ స్పూల్ (వాల్వ్ లోపల అటూ ఇటూ జరిగే కడ్డీ) దగ్గర సందు 1 నుంచి 4 మైక్రాన్లే ఉంటుంది. అంటే నిజంగా వాల్వ్‌లను ఇరికించే చెత్త మీ కంటికి అందదు, గుడ్డ మీద కనిపించేది పెద్ద ముక్కలు మాత్రమే. ఏమీ కనిపించలేదంటే ఆయిల్ శుభ్రమని కాదు, దాని సంగతి చివర్లో చెబుతాను.

దొరికిన దాన్ని బట్టి వెతుకులాట

ఇసుక, దుమ్ము దొరికితే ముందు బ్రీదర్ దగ్గరికి వెళ్లండి. సిలిండర్ బయటికి వెళ్లిన ప్రతిసారీ ట్యాంకులో ఆయిల్ మట్టం తగ్గి, ఆ మేరకు బయటి గాలి లోపలికి వస్తుంది. ఆయిల్ ఫిల్టర్ 10 మైక్రాన్లది పెట్టి బ్రీదర్ మాత్రం పాత జాలీ మూతే ఉంచితే, ముందు తలుపుకి తాళం వేసి వెనక తలుపు తెరిచి పెట్టినట్టే. తర్వాత సిలిండర్ రాడ్ వైపర్లు (రాడ్‌ని తుడిచే సీళ్లు) చూడండి, పగిలిన వైపర్ రాడ్‌కి అంటిన మట్టిని నేరుగా లోపలికి లాక్కుపోతుంది. ట్యాంకు మూత గాస్కెట్, పైపులు లోపలికి దూరే చోట రబ్బరు గ్రామెట్లు కూడా చూడండి. ఇవేవీ కాకపోతే, ఈ మధ్య ఆయిల్ పోశారా అని అడగండి. సీలు వేసి వచ్చిన కొత్త బ్యారెల్‌లోని ఆయిల్ కూడా సున్నితమైన సిస్టమ్‌లకి సరిపోయేంత శుభ్రంగా ఉండదు. దాన్ని ఎప్పుడూ ఫిల్టర్ ట్రాలీ ద్వారానే ట్యాంకులోకి ఎక్కించాలి, బకెట్, గరాటు పద్ధతి మానేయాలి.

పంపు లేదా సిలిండర్ మార్చాకే మూసుకుపోవడం మొదలైందా? అయితే పాత భాగం పగిలినప్పటి ముక్కలు పైపుల్లో, ట్యాంకు అడుగున, కూలర్‌లో ఇంకా ఉన్నాయి. కూలర్‌ని అందరూ మర్చిపోతారు, దాని సన్నటి గొట్టాల్లో దాక్కున్న చెత్త నెలల తరబడి విడతలుగా వస్తూనే ఉంటుంది.

ఆయిల్ పాలలా తెల్లగా మారితే నీళ్లు చేరాయి. పేపర్ ఎలిమెంట్ నీటికి ఉబ్బి, పెద్దగా చెత్త లేకపోయినా మూసుకుపోతుంది. చిన్న పరీక్ష ఉంది, కళ్లద్దాలు పెట్టుకుని, 130 నుంచి 160 డిగ్రీల వేడి మీదున్న ప్లేటు మీద ఒకే ఒక్క చుక్క వేయండి, చిటపటలాడితే నీళ్లున్నట్టే. కొద్దిపాటి నీరైతే ఇందులో తెలియకపోవచ్చు. కారణం కోసం కూలర్ లీకు, వానలో తడిసే ట్యాంకు మూత, రాత్రి చల్లబడ్డప్పుడు ట్యాంకు లోపల పట్టే చెమ్మ, ఈ మూడూ చూడండి.

వార్నిష్ అయితే వేడి సంగతి తేల్చాలి. ఎక్కువ వేడి మీద నడిచే ఆయిల్‌కి ప్రతి 10 డిగ్రీలకీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క వేసుకుంటారు. కూలర్ మూసుకుపోయిందా, రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ ఎక్కువైతే తెరుచుకునేది) లోపలే కారుతోందా, ట్యాంకులో మట్టం తక్కువుందా చూడండి.

పంపు అరుస్తుంటే

పంపు గట్టిగా ఈలలా అరవడం, సిలిండర్లు నెమ్మదించడం కనిపిస్తే సక్షన్ స్ట్రైనర్ మీద అనుమానం పడాలి, కానీ ట్యాంకు ఖాళీ చేసి దాన్ని బయటికి తీసే ముందు రెండు నిమిషాల పని ఉంది. ట్యాంకు ఫిల్లర్ మూత కొంచెం వదులు చేయండి. సుయ్‌మని గాలి లోపలికి పోయి పంపు శబ్దం తగ్గితే స్ట్రైనర్‌కి ఏమీ కాలేదు, బ్రీదర్ మూసుకుపోయి ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడింది. మూత తీసినా అరుపు తగ్గకపోతే ట్యాంకులో చూడండి. ఆయిల్ మీద నురగ ఉంటే ఎక్కడో సక్షన్ పైపు జాయింట్ దగ్గర గాలి పీలుస్తోంది. జాయింట్ల మీద కొంచెం గ్రీజు పూస్తూ పోండి, ఏది పూసినప్పుడు శబ్దం మారితే అక్కడే లీకు. నురగ లేకుండా అరుస్తుంటే అప్పుడు స్ట్రైనర్. పంపు ఇన్‌లెట్‌లో వాక్యూమ్ గేజ్ పెట్టే వీలుంటే ఇంకా నయం, చాలా పిస్టన్ పంపులకి 0.2 బార్ వాక్యూమ్ దాటకూడదు, మీ పంపు లెక్క మాన్యువల్‌లో చూసుకోండి.

వైరు జాలీ స్ట్రైనర్‌ని డీజిల్‌తోనో క్లీనింగ్ సాల్వెంట్‌తోనో కడిగి ఆరబెట్టి మళ్లీ వేయొచ్చు. పేపర్, గ్లాస్ ఫైబర్ ఎలిమెంట్లను మాత్రం కడగడం, కంప్రెసర్ గాలితో ఊదడం వద్దు. పైకి బాగానే కనిపిస్తుంది గానీ లోపలి పోగులు చిరిగి దారి ఇచ్చేస్తాయి. డబ్బు మిగిలిందనుకుంటారు, పంపు రూపంలో పోతుంది.

కొత్తది ఎంచుకునేటప్పుడు

తరచూ మూసుకుపోతోందని 10 మైక్రాన్ తీసేసి 25 మైక్రాన్ వేయడం చాలా చోట్ల చూశాను. లైటు వెలగడం తగ్గుతుంది, నిజమే, ఆ చెత్త ఇప్పుడు వాల్వ్‌ల్లోకి పోతోంది కాబట్టి. దయచేసి ఆ పని చేయకండి. మూసుకుపోవడం తగ్గాలంటే అదే మైక్రాన్‌లో పొడవైన, ఎక్కువ మడతలున్న ఎలిమెంట్ వేయండి.

"10 మైక్రాన్" అన్న మాట ఒక్కటే చూసి కొనొద్దు, బీటా ఎంతో అడగండి. ఐఎస్ఓ 16889 పద్ధతిలో పరీక్షించి ఇచ్చే అంకె అది. 10 మైక్రాన్లకి బీటా 200 అంటే, ఆ సైజు లేదా అంతకంటే పెద్ద రేణువులు 200 వస్తే ఒక్కటే దాటుతుంది, అంటే 99.5 శాతం ఆగుతాయి. బీటా 2 అంటే సగం దాటిపోతాయి. రెండు డబ్బాల మీదా 10 మైక్రాన్ అనే రాసి ఉండొచ్చు. బైపాస్ లేని ప్రెషర్ ఫిల్టర్ అయితే ఎలిమెంట్ నలిగిపోయే ప్రెషర్ ఎంతో కూడా చూడాలి, మామూలు ఎలిమెంట్ వేస్తే మూసుకుపోయిన రోజు డబ్బాలా నలిగిపోయి, ఆ ముక్కలు కూడా సిస్టమ్‌లోకే పోతాయి.

బిగించడం

విప్పకముందే హౌసింగ్ బయట తుడవండి. లోపల తుడవడానికి పోగులు రాలే గుడ్డ వాడొద్దు. బైపాస్ వాల్వ్‌ని వేలితో నొక్కండి, స్ప్రింగ్ గట్టిగా ఉండి వదలగానే వెనక్కి రావాలి. పాత ఓ రింగ్ బయటికి వచ్చిందా, చేతిలో పట్టుకుని లెక్క చూసుకోండి, అంటుకుని ఉండిపోయిన పాతదాని మీద కొత్తది కూర్చుంటే లీకు ఖాయం. కొత్త ఓ రింగ్‌కి శుభ్రమైన హైడ్రాలిక్ ఆయిల్ రాయండి. ఎలిమెంట్‌ని కవర్‌లోంచి చివరి నిమిషంలోనే తీయండి. స్పిన్ ఆన్ అయితే గాస్కెట్ తగిలాక చేత్తో ఇంకో ముప్పావు చుట్టు సాధారణంగా సరిపోతుంది, డబ్బా మీద వేరే రాసి ఉంటే అదే పాటించండి.

లోడ్ లేకుండా స్టార్ట్ చేసి కాసేపు తిరగనివ్వండి, లీకు చూడండి, ఆయిల్ మట్టం మళ్లీ సరిచూడండి. ఆయిల్ వేడెక్కాక గేజ్ తేడా ఎంతో రాసుకోండి, అవర్ మీటర్ అంకె కూడా పక్కనే. తర్వాత వారానికోసారి అదే వేడి దగ్గర రాస్తూ పోండి. తేడా చాలాకాలం కొంచెం కొంచెంగా పెరిగి, చివర్లో ఒక్కసారిగా ఎగబాకుతుంది. మీ మెషిన్‌కి ఆ మలుపు ఎన్ని గంటలకి వస్తుందో తెలిస్తే లైటు కోసం ఎదురుచూడక్కర్లేదు. పంపు పగిలాక వేసిన ఎలిమెంట్ అయితే మాత్రం దాన్ని నమ్ముకుని ఉండకుండా మొదటి 50 గంటల్లోనే తీసి, కోసి చూడండి.

కొత్త ఎలిమెంట్ వేశాక ఫిల్టర్ నుంచి టిక్ టిక్ మని శబ్దం వస్తోందా? జింక్ లేని ఆయిల్, గ్లాస్ ఫైబర్ ఎలిమెంట్ కలిసినప్పుడు స్టాటిక్ కరెంటు పుట్టి లోపల మెరుపులు కొట్టడం వల్ల అలా వస్తుంది. ఎలిమెంట్ మీద సన్నటి కాలిన చుక్కలు ఉంటే అదే. అందుకోసమే చేసిన యాంటీ స్టాటిక్ ఎలిమెంట్లు దొరుకుతాయి.

ఇక కంటికి కనిపించని చెత్త సంగతి. ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి పంపితే ఐఎస్ఓ 4406 ప్రకారం 18/16/13 లాంటి మూడు అంకెలు వస్తాయి. ఒక మిల్లీలీటర్‌లో 4, 6, 14 మైక్రాన్లు దాటిన రేణువులు ఎన్నున్నాయో చెప్పే కోడ్ అది. 18 అంటే 1,300 నుంచి 2,500 వరకు. అంకె ఒకటి పెరిగితే రేణువులు రెట్టింపు అవుతాయి, కాబట్టి 18 నుంచి 21కి పోవడం చిన్న మార్పు అనుకోకండి, ఎనిమిది రెట్లు అది. శాంపిల్‌ని ట్యాంకు డ్రెయిన్ ప్లగ్ దగ్గర పట్టొద్దు, అక్కడ అడుగున పేరుకున్న మడ్డి వస్తుంది. మెషిన్ వేడిగా నడుస్తుండగా, రిటర్న్ ఫిల్టర్‌కి ముందున్న శాంపిల్ పాయింట్ నుంచి, మొదట వచ్చే ఆయిల్ కొంత పారబోసి, ల్యాబ్ ఇచ్చిన శుభ్రమైన సీసాలో పట్టండి. పాయింట్ లేకపోతే ఒకటి పెట్టించండి, కానీ ఏ పరిస్థితిలోనూ నడుస్తున్న లైను జాయింట్ వదులు చేసి మాత్రం పట్టొద్దు.